సమరయుని చేతిలోని తౌరాత్
(సువార్తలలోని సమరయ కథనాలపై ఒక విమర్శ)

కొన్ని సమాజాలకు పేరు ఎంత ప్రసిద్ధమో చరిత్ర అంత అప్రసిద్ధం. సమరయులు ఆ కోవకు చెందినవారు. ఆపదలో ఉన్నవానిని ముక్కూ మొహం తెలియకపోయినా ఆదుకొనే మనిషిని "మంచి సమరయుడు" అనడం ఎన్నో భాషలలో పరిపాటి అయింది. ఆ పేరుతో ఆసుపత్రులు వెలిశాయి, సేవాసంఘాలు ఏర్పడ్డాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి సాయపడే వ్యక్తికి రక్షణ కల్పిస్తూ 2019లో భారత మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో సైతం ఆ పేరే చోటుచేసుకొంది. ఇంతగా వాడుకలోకి వచ్చిన ఈ పేరు ఒక సజీవ మత సమాజానిదని ఎరిగినవారు మాత్రం అరుదు. ఆ సమాజం తౌరాత్‌ను విశ్వసించి, సున్నతిని, సబ్బాతును పాటిస్తూ, ఏకైక దేవుణ్ణి ఆరాధిస్తూ నాబ్లుస్ పట్టణం పక్కనున్న గెరిజీము కొండపై నేటికీ ఏటేటా పస్కా బలి ఇస్తూనే ఉంది.

ఈ మరుపు దానంతట అది కలిగింది కాదు. శతాబ్దాల ప్రసంగాలు, వ్యాఖ్యానాలు సమరయుని చేతిలోంచి అతని గ్రంథాన్ని తొలగించాయి. అతణ్ణి ధర్మశాస్త్రం లేని పరాయివానిగా, ధర్మశాస్త్రం కన్నా ప్రేమే మిన్న అని చాటే పాత్రగా నిలబెట్టాయి. సువార్తలను, అపొస్తలుల కార్యములను శ్రద్ధగా చదివితే ఈ చిత్రం నిలవదు. తొలి క్రైస్తవుల ఎదుట సమరయులు ఉంచిన ప్రశ్న అన్యజాతులకు తలుపు తెరవాలా వద్దా అన్నది కాదు. బనీ ఇస్రాయీల్ అంటే ఎవరు అన్నదే ఆ ప్రశ్న.

క్రైస్తవుల చేతిలో నేడున్న నాలుగు సువార్తలు హజ్రత్ ఈసా (అ.స.)పై అవతరించిన ఇంజీలు కావన్నది ముస్లింల విశ్వాసం. అయినప్పటికీ ఆయన అనుయాయులుగా చెప్పుకొన్న తొలి తరాలవారు ఏమనుకొన్నారో, ఏ విషయంలో తడబడ్డారో తెలిపే సాక్ష్యాలుగా వాటికి విలువ ఉంది. ఇక్కడ వాటిని ఆ దృష్టితోనే పరిశీలించడం జరిగింది.

ఒకే ప్రజ, రెండు చరిత్రలు

సమరయుల పుట్టుకను గురించి లోకం సాధారణంగా విన్న కథ వారి ప్రత్యర్థులు చెప్పినది. రాజుల రెండవ గ్రంథం 17వ అధ్యాయం ప్రకారం క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సూరు రాజు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చి, అక్కడి ప్రజలను చెరపట్టుకొని పోయి, బబులోను, కూతా మొదలైన 5 చోట్ల నుండి జనాన్ని తెచ్చి ఆ నేలపై నిలిపాడు. వారు ఒకవైపు ఇశ్రాయేలు దేవునికి భయపడుతూ, మరోవైపు తమ విగ్రహాలను పూజించారని ఆ గ్రంథం చెబుతుంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు యూద చరిత్రకారుడు జోసీఫస్ దీనినే ఆధారం చేసుకొని సమరయులను కూతీయులు అని పిలిచాడు. యూదులు మంచి స్థితిలో ఉంటే చుట్టరికం చెప్పుకొంటారనీ, కష్టాలలో ఉంటే సంబంధమే లేదంటారనీ వారిని ఎద్దేవా చేశాడు.

సమరయులు తమను గురించి చెప్పుకొనే చరిత్ర వేరు. తాము హజ్రత్ యూసుఫ్ (అ.స.) కుమారులైన ఎఫ్రాయీము, మనష్షేల సంతతి అనీ, తమ యాజకులు లేవీ వంశజులనీ, ఏలీ అనే యాజకుడు గెరిజీమును విడిచి షిలోహులో వేరే ఆరాధనాస్థలం పెట్టిన నాడే చీలిక వచ్చిందనీ వారంటారు. ఈ కథనాన్ని 14వ శతాబ్దంలో అబుల్ ఫతహ్ అనే సమరయ పండితుడు అరబీ భాషలో గ్రంథస్థం చేశాడు. అంటే వారి దృష్టిలో విడిపోయినవారు యూదులే.

ఈ రెండింటిలో దేనినీ ఉన్నదున్నట్లు స్వీకరించనక్కరలేదు. ఆనాటి అస్సూరు శాసనాలు సమరయ నుండి 27 వేల పైచిలుకు జనాన్ని తరలించినట్లు చెబుతాయి. అది ఒక దేశపు జనాభా అంతా కాదు. అధికసంఖ్యాకులు తమ నేలపైనే ఉండిపోయారని దీనివల్ల తేలుతుంది. 1982లో మొదలై ఏళ్ల తరబడి సాగిన గెరిజీము తవ్వకాలు, అక్కడి ఆలయం క్రీ.పూ. 5వ శతాబ్దానికే ఉన్నదని చూపించాయి. అది అలెగ్జాండరు కాలంలో కట్టినదన్న జోసీఫస్ మాట దీనితో పొసగదు. ఏజియన్ సముద్రంలోని డెలోస్ దీవిలో 1979లో దొరికిన రెండు గ్రీకు శాసనాలు మరింత విలువైనవి. క్రీస్తుకు పూర్వమే అక్కడ స్థిరపడి, పవిత్ర గెరిజీముకు కానుకలు పంపే జనం ఆ శాసనాలలో తమను ఇశ్రాయేలీయులమనే పేర్కొన్నారు. సమరయులన్న పేరు వాటిలో లేదు.

తౌరాత్ విషయంలోనూ ఇదే పరిస్థితి. సమరయుల వద్ద ఉన్నది హజ్రత్ మూసా (అ.స.)కు చెందినవిగా చెప్పే 5 గ్రంథాలు మాత్రమే. దావూదు వంశపు రాజరికాన్ని గాని, యెరూషలేము ఆలయాన్ని గాని వారు అంగీకరించరు. యూదుల ప్రతికీ వారి ప్రతికీ సుమారు 6 వేల చోట్ల తేడాలు ఉన్నాయి. వీటిలో అధికభాగం అక్షరక్రమానికి సంబంధించిన స్వల్ప భేదాలే. ఇవన్నీ సమరయులు చేసిన మార్పులేనని ఒకప్పుడు భావించేవారు. 1947 నుండి కుమ్రాను గుహలలో దొరికిన చుట్టలలో ఆ పాఠానికి దగ్గరగా ఉన్న ప్రతులు యూదుల వద్దనే కనిపించడంతో ఆ అభిప్రాయం మారింది. గెరిజీమును ఖిబ్లాగా నొక్కిచెప్పే కొన్ని వాక్యాలను మినహాయిస్తే, ఆ పాఠం ఆనాటి పాలస్తీనాలో అందరికీ తెలిసినదే.

హజ్రత్ ఈసా (అ.స.) కాలానికి ఈ వైరం పాతబడి ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర యూద పాలకుడు జాన్ హిర్కానస్ గెరిజీము ఆలయాన్ని ధ్వంసం చేశాడు. క్రీ.శ. 6-9 మధ్య కొందరు సమరయులు పస్కా వేళ యెరూషలేము ఆలయంలో మనుషుల ఎముకలు చల్లారని జోసీఫస్ రాశాడు. గాయాలు రెండు పక్కలా ఉన్నాయి. అయినా తెగతెంపులు పూర్తిగా జరగలేదు. ముగ్గురు కలిసి భోంచేసి సామూహికంగా కృతజ్ఞతాస్తోత్రం చెప్పేటప్పుడు ఆ ముగ్గురిలో ఒకనిగా సమరయుణ్ణి లెక్కించవచ్చునని యూదుల మిష్నా అనుమతిస్తుంది. శత్రువును ఇంటి పంక్తిలో లెక్కపెట్టడం, ఆ శత్రువు దాయాది అయితేనే జరుగుతుంది.

నాలుగు సువార్తలు, నాలుగు వైఖరులు

ఈ నేపథ్యంతో సువార్తలను తెరిస్తే మొదట కనిపించేది ఏకాభిప్రాయం కాదు. మార్కు సమరయుల ఊసే ఎత్తలేదు. మత్తయి ఒక్కసారే, అదీ నిషేధంగా, పేర్కొన్నాడు. పన్నెండుమంది శిష్యులను పంపుతూ అన్యజాతుల దారిన గాని సమరయుల ఊళ్లకు గాని పోవద్దనీ, ఇశ్రాయేలు వంశంలో తప్పిపోయిన గొర్రెల వద్దకే పొమ్మనీ ఆదేశించినట్లు 10వ అధ్యాయంలో ఉంది. లూకాలో మూడు ఘట్టాలు ఉన్నాయి. యోహానులో ఒక సుదీర్ఘ సంభాషణ, మరొకచోట ఒక నింద ఉన్నాయి.

ఈ తేడాను వాదానికి ఆయుధంగా మాత్రమే వాడుకోవడం కొందరు ముస్లిం వక్తలకు అలవాటు. మత్తయి వద్దన్నాడు, యోహాను వెళ్లాడన్నాడు, కాబట్టి ఒకటి అబద్ధం అని తేల్చి పక్కన పెడతారు. అలా చేస్తే తేడా వెనుక ఉన్న చరిత్ర చేజారిపోతుంది. మత్తయి నిషేధంలో ఒక సూక్ష్మం ఉంది. అన్యజాతులు ఒక వర్గం, సమరయులు మరొక వర్గం, ఇశ్రాయేలు వంశం ఇంకొక వర్గం. సమరయులు కేవలం అన్యజాతులే అయితే వారిని విడిగా పేర్కొనవలసిన పని లేదు. వారిని బయట ఉంచాలనుకొన్నవాడు సైతం వారిని బయటివారితో కలపలేకపోయాడు.

లూకాలోనూ ఇదే ఊగిసలాట. 9వ అధ్యాయంలో యెరూషలేముకు పోతున్నారన్న కారణంతో ఒక సమరయ గ్రామం హజ్రత్ ఈసా (అ.స.)కు బస నిరాకరించింది. ఆకాశం నుండి అగ్ని రప్పించి దానిని కాల్చమంటారా అని యాకోబు, యోహాను అనే శిష్యులు అడిగితే ఆయన వారిని గద్దించాడు. 17వ అధ్యాయంలో కుష్ఠువ్యాధి నుండి స్వస్థులైన పదిమందిలో కృతజ్ఞత తెలుపడానికి తిరిగివచ్చిన ఒక్కడూ సమరయుడే. అక్కడ అతణ్ణి పరదేశి అనడానికి వాడిన గ్రీకు పదం, పరాయివారు లోపలికి రాకూడదని యెరూషలేము ఆలయ ప్రాకారంపై చెక్కిన హెచ్చరికలో ఉన్న పదమే. ఆ శిలాఫలకం 1871లో బయటపడింది. అదే కథలో పదిమందినీ యాజకులకు చూపించుకొమ్మన్న ఆజ్ఞ ఉంది. అది తౌరాత్ ఆజ్ఞ. దానికి ఆ "పరదేశి" కూడా బద్ధుడే. లూకా ఇచ్చిన పేరు ఒక దిక్కు చూపుతుంటే, అతని కథ మరో దిక్కు చూపుతున్నది.

బాటసారి కథ

లూకా 10వ అధ్యాయంలోని బాటసారి కథ అందరికీ తెలిసినదే. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోతున్న మనిషిని దొంగలు కొట్టి కొనప్రాణంతో వదిలేశారు. ఒక యాజకుడు చూసి పక్కగా పోయాడు. ఒక లేవీయుడూ అంతే. సమరయుడు మాత్రం ఆగి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి, తన వాహనంపై సత్రానికి చేర్చి, ఖర్చుకు 2 దేనారములు ఇచ్చాడు. కథలో అతణ్ణి మంచివాడని ఎక్కడా అనలేదు. ఆ విశేషణం తరువాతివారు తగిలించినది. ఒక సమరయుణ్ణి "మంచి" అని వేరుచేసి పిలవడంలో మిగిలినవారి సంగతి అందరికీ తెలుసునన్న ధ్వని ఉంది.

ప్రసంగాలలో ఈ కథకు చెప్పే భావం దాదాపు ఒకటే. యాజకుడు, లేవీయుడు శవం తాకితే మైల అవుతుందన్న ధర్మశాస్త్రానికి బానిసలనీ, సమరయుడు ఆ సంకెళ్లు లేనివాడు గనుక ప్రేమ చూపగలిగాడనీ అంటారు. షరీఅత్ దయకు అడ్డుగోడ అన్న ఆరోపణకు ఈ కథను ఉదాహరణగా చూపుతారు. ఈ వ్యాఖ్యానం మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది, ఆ ఇద్దరూ పక్కకు తొలగడానికి మైల కారణమని లూకా చెప్పలేదు. పడి ఉన్నవాడు చనిపోలేదు కూడా. దిక్కులేని శవం కనిపిస్తే ప్రధానయాజకుడు సైతం మైలను లెక్కచేయక దానిని పూడ్చాలన్నది మిష్నాలోని నియమం. ధర్మశాస్త్రం వారిని ఆపలేదు. వారే ఆగలేదు.

రెండవది, సమరయుడు ధర్మశాస్త్రం లేనివాడు కాడు. శవాన్ని తాకినవారి మైలను గురించిన సంఖ్యాకాండపు 19వ అధ్యాయం అతని తౌరాత్‌లోనూ ఉంది. అతని సమాజం ఆ శుద్ధి నియమాలను గట్టిగా పాటించేది. యూదులకు ఎంత సంకోచం ఉండగలదో అతనికీ అంతే ఉండగలదు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఈ కథ ఒక ధర్మశాస్త్రోపదేశకుని ప్రశ్నకు జవాబుగా వచ్చింది. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించాలన్నది, పొరుగువానిని తనవలె ప్రేమించాలన్నది అతడే వల్లించాడు. మొదటి ఆజ్ఞ ద్వితీయోపదేశకాండంలోనిది, రెండవది లేవీయకాండంలోనిది. రెండూ సమరయుని గ్రంథంలో ఉన్నాయి. అంటే కథలో ధర్మశాస్త్రానికీ ప్రేమకూ పోటీ లేదు. ఒకే ధర్మశాస్త్రాన్ని చదివే రెండు సమాజాలలో దానిని ఆచరించినది ఎవరన్నదే ప్రశ్న. దేవుని ఆజ్ఞను నిర్లక్ష్యం చేసినవారు ఆ ఆజ్ఞకు సంరక్షకులమని చెప్పుకొన్నవారు. దానిని నెరవేర్చినవాడు ఆ ఆజ్ఞపై హక్కే లేదని వారు తోసిపుచ్చినవాడు.

ఈ చదువుకు బలమిచ్చే ఘట్టం యూదుల గ్రంథంలోనే ఉంది. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 28వ అధ్యాయంలో ఉత్తరరాజ్యపు సైన్యం యూదా ప్రజలను చెరపట్టి సమరయకు తెచ్చింది. ఓదేదు అనే ప్రవక్త, వారు మీ సహోదరులని హెచ్చరించాడు. అప్పుడు సమరయలోని పెద్దలు బట్టలు లేనివారికి బట్టలిచ్చి, అన్నపానాలు పెట్టి, నూనె రాసి, నడవలేనివారిని గాడిదలపై ఎక్కించి యెరికోకు చేర్చారు. నూనె, వాహనం, యెరికో, సమరయ - లూకా కథలోని ఆనవాళ్లన్నీ ఇక్కడ ఉన్నాయి. ఓదేదు వాడిన మాట సహోదరులు. బాటసారి కథ వెనుక ఉన్నది పరాయివాని దయ అనడం కన్నా, వెలివేసిన దాయాది నెరవేర్చిన బాధ్యత అనడమే సబబు.

బావి వద్ద సంభాషణ

యోహాను 4వ అధ్యాయం సుఖారు అనే ఊరి దగ్గర, హజ్రత్ యాఖూబ్ (అ.స.) బావి వద్ద జరుగుతుంది. నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీ హజ్రత్ ఈసా (అ.స.)ను అడిగినది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. తమ పితరులు ఈ కొండపై ఆరాధించారు, యూదులు యెరూషలేములోనే ఆరాధించాలంటారు, ఏది సరి? ఇది ఖిబ్లాను గురించిన ప్రశ్న. రెండు సమాజాల మధ్య అసలు తగవును ఆమె ఒక్క వాక్యంలో పెట్టింది.

ఇంతటి ప్రశ్న అడిగిన స్త్రీని వ్యాఖ్యాతలు ఎక్కువగా ఆమె 5గురు భర్తల లెక్కతోనే గుర్తుంచుకొన్నారు. ఆమె చెడునడతగలదని మూలంలో లేదు. వైధవ్యం, విడాకులు కూడా దానికి కారణం కావచ్చు. ఇంకొందరు ఆ భర్తలు సమరయలో నిలిపిన 5 జాతుల దేవతలకు సంకేతమన్నారు. ఈ సంకేతార్థం ప్రత్యర్థులు రాసిన కథపై కట్టినది. పైగా లెక్క కూడా కుదరదు. రాజుల గ్రంథం చెప్పిన జాతులు 5 అయినా, దేవతలు 7. తమ పూర్వపు నిర్ణయానికి మూలాన్ని వంచే వ్యాఖ్యానానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే సువార్తకారుడు కూడా విమర్శకు అతీతుడు కాడు. మెస్సీయా రావలసి ఉందని ఆమెచేత చెప్పించాడు. అది దావూదు వంశపు రాజు కోసం ఎదురుచూసేవారి మాట. సమరయులు దావూదు రాజరికాన్నే అంగీకరించరు. వారి ఆశ హజ్రత్ మూసా (అ.స.) వంటి ప్రవక్తపై ఉంది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలోని ఆ వాగ్దానం ముస్లిం పాఠకులకు చిరపరిచితమే. హజ్రత్ ముహమ్మద్ (స.అ.సం.) రాకకు సూచనగా ముస్లిం పండితులు దానిని చూపుతూ వచ్చారు. సమరయుల తౌరాత్‌లో ఆ వాగ్దానం అక్కడ మాత్రమే కాక, నిర్గమకాండం 20వ అధ్యాయంలో సీనాయి ఆజ్ఞల వెంటనే మరోసారి వస్తుంది. వారి దృష్టిలో దానికి ఉన్న స్థానం దీనిని బట్టి తెలుస్తుంది. బావి వద్ద స్త్రీ ఆయనను మొదట గుర్తించినది కూడా ప్రవక్తగానే. మెస్సీయా అన్న పదం తరువాత వస్తుంది. మొదటి మాటలో సమరయుల గొంతు, రెండవ మాటలో రచయిత గొంతు వినిపిస్తాయి.

ఇదే సువార్త 8వ అధ్యాయంలో ప్రత్యర్థులు హజ్రత్ ఈసా (అ.స.)ను సమరయుడని, దయ్యం పట్టినవాడని నిందిస్తారు. దయ్యం మాటను ఆయన ఖండిస్తాడు. సమరయుడన్న మాటను ఖండించడు.

అపొస్తలుల కార్యములలో సమరయ

యెరూషలేము, యూదయ, సమరయ, ఆపైన భూదిగంతాలు - అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలోనే ఈ క్రమం ఉంది. దీనిని బట్టి సమరయను యూదులకూ అన్యజాతులకూ మధ్య మెట్టుగా చూపడం ఆనవాయితీ. 8వ అధ్యాయంలో ఫిలిప్పు సమరయ పట్టణానికి పోయి బోధిస్తాడు. జనం బాప్తిస్మం పొందుతారు. యెరూషలేము నుండి పేతురు, యోహాను వచ్చి వారిపై చేతులుంచుతారు. లూకా సువార్తలో సమరయ గ్రామంపై అగ్ని కురిపించాలన్న యోహానే ఇతడు.

ఇక్కడ గమనించవలసినది జరిగినదాని కన్నా జరగనిది. 10వ అధ్యాయంలో కొర్నేలీ అనే రోమను శతాధిపతి ఇంట పేతురు అడుగుపెట్టగానే యెరూషలేములో దుమారం రేగింది. సున్నతి లేనివారితో కలిసి భోంచేశావేమని నిలదీశారు. 15వ అధ్యాయంలో అదే విషయంపై పెద్ద సభ జరిగింది. సమరయులు చేరినప్పుడు ఎవరూ ఆక్షేపించలేదు. వారు సున్నతి పొందినవారు, సబ్బాతు ఆచరించేవారు. వారు అన్యజాతులలో తొలి విశ్వాసులు అయితే ఈ మౌనానికి అర్థం ఉండదు. లూకా దృష్టిలో సమరయులు ఇశ్రాయేలు వంశంలో తప్పిపోయిన గొర్రెలేనని జాకబ్ జెర్వెల్ 1972లో చేసిన వాదనకు ఈ మౌనం గట్టి ఆధారం. లూకా 17లోని పరదేశి అన్న మాట ఆ వాదనకు ఎదురు నిలుస్తుంది. రెండింటినీ కలిపి చూస్తే, ఈ ప్రశ్న తొలి క్రైస్తవులలో తేలలేదన్న నిర్ణయానికే రావలసి ఉంటుంది.

7వ అధ్యాయంలోని స్తెఫను ప్రసంగంపైనా ఇటువంటి చర్చ ఉంది. తండ్రి చనిపోయిన తరువాతనే హజ్రత్ ఇబ్రాహీం (అ.స.) హారాను విడిచాడని స్తెఫను అంటాడు. యూదుల ప్రతి ప్రకారం తండ్రి తెరహు 205 ఏళ్లు బతికాడు. ఆ లెక్కన కుమారుడు బయలుదేరిన తరువాత ఇంకా 60 ఏళ్లు ఉన్నాడు. సమరయుల ప్రతిలో తెరహు ఆయుర్దాయం 145 ఏళ్లు. స్తెఫను మాట దానితో సరిపోతుంది. పితరుల సమాధులు షెకెములో ఉన్నాయనడం కూడా సమరయ ప్రాంతాన్నే సూచిస్తుంది. వీటిని ఆధారం చేసుకొని 1960లలో, 1970లలో కొందరు పండితులు స్తెఫను సమరయుడేనన్నారు. ఇది తొందరపాటు. అలెగ్జాండ్రియా యూదుడు ఫైలో సైతం తండ్రి మరణం తరువాతనే ప్రయాణమని రాశాడు. అటువంటి పాఠాలు ఆనాడు సమరయుల సొత్తు మాత్రమే కాదు. రుజువయ్యేది ఇంతే: ఆ తరంలో యూదులకూ సమరయులకూ మధ్య తౌరాత్ ఉమ్మడి ఆస్తి.

ఆ తరువాత కొత్త నిబంధనలో సమరయ కనుమరుగవుతుంది. పౌలు, బర్నబాలు ఆ దారిన పోయారన్న ప్రస్తావన 15వ అధ్యాయంలో ఉంది. పౌలు పత్రికలలో సమరయుల పేరే లేదు. ప్రపంచాన్ని యూదులు, గ్రీకులు అని రెండుగా విభజించిన బోధలో ఆ విభజనకు లొంగని సమాజానికి చోటు దొరకలేదు.

సంఘం బలపడిన తరువాత

2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ స్వయంగా నాబ్లుస్‌లో, అంటే ఆనాటి ఫ్లావియా నియాపొలిస్‌లో, పుట్టినవాడు. యూదులు, సమరయులు మాత్రమే ఇశ్రాయేలు అనిపించుకొంటారనీ, తక్కినవారంతా అన్యజాతులనీ అతడు స్పష్టంగా రాశాడు. అంటే క్రీ.శ. 150 నాటికీ పాత ఎరుక చావలేదు. కాని అతడే మరోచోట దాదాపు సమరయులందరూ సీమోను అనే గారడీవానిని దేవునిగా కొలుస్తారన్నాడు. రోములో ఆ సీమోనుకు విగ్రహం ఉందని కూడా చెప్పాడు. 1574లో తిబెరు నది దీవిలో అటువంటి శిలాపీఠం దొరికింది. దానిపై ఉన్నది సెమో సాంకస్ అనే ప్రాచీన ఇటలీ దేవత పేరు. పేరు పోలికను పట్టుకొని ఒక జాతికి విగ్రహారాధన అంటగట్టారు. తరువాతి సంఘపితరులు సీమోనును సమస్త పాషండ మతాలకు మూలపురుషునిగా చేశారు. సమరయ అన్న పేరు ఆ నిందను మోసింది.

అధికారం చేతికి వచ్చాక మాటలు శాసనాలయ్యాయి. 484లో చక్రవర్తి జెనో సమరయులను గెరిజీము నుండి వెళ్లగొట్టి, కొండపై మరియమ్మ పేర చర్చి కట్టించాడు. 529లో వారు తిరగబడితే జస్టీనియన్ సైన్యం అణచివేసింది. లక్షమంది హతమయ్యారని సమకాలిక చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. సంఖ్యలో అతిశయం ఉన్నా విధ్వంసం నిజం. కరుణకు సమరయుణ్ణి ఆదర్శంగా చర్చిలో చదివిన సామ్రాజ్యమే సమరయుల ఆరాధనాలయాలను కూల్చింది. కథలోని సమరయునికీ, పొరుగున ఉన్న సమరయునికీ సంబంధం తెగిపోయినందువల్లనే ఇది సాధ్యమైంది.

ముస్లిం పాఠకునికి

దివ్యఖుర్ఆన్ హజ్రత్ ఈసా (అ.స.)ను బనీ ఇస్రాయీల్ వద్దకు పంపబడిన ప్రవక్తగా పేర్కొన్నది. ఆ పేరుకు యూదులతో పాటు సమరయులూ హక్కుదారులమన్నారు. ఆ హక్కును అంగీకరిస్తే, బావి వద్ద సంభాషణ, బాటసారి కథ ఆయన దౌత్యపు హద్దులు దాటినవి కావు. ఒకే ఉమ్మత్‌లోని రెండు దాయాది వర్గాల మధ్య సంస్కర్త చేసిన పనిగా అవి అర్థమవుతాయి.

తాహా సూరాలో ఆవుదూడను తయారుచేసిన సామిరీ ప్రస్తావన ఉంది. హజ్రత్ మూసా (అ.స.) తరువాత శతాబ్దాలకు గాని సమరయ పట్టణం లేదు గనుక ఇది కాలవిరుద్ధమని కొందరు పాశ్చాత్య విమర్శకులు ఆక్షేపించారు. ఆ వ్యక్తి ఆ పట్టణపువాడని ఖుర్ఆన్ అనలేదు. ఆ పేరుకు ముఫస్సిర్లు వేర్వేరు వివరణలు ఇచ్చారు. అయితే పేరు పోలికను బట్టి ఆ వ్యక్తి నేరాన్ని సమరయ సమాజానికి అంటగట్టే ధోరణి ముస్లింలలోనూ లేకపోలేదు. "తాకవద్దు" అంటూ తిరగవలసిన అతని శిక్షను ఆధారం చేసుకొని సమరయులను పేర్కొన్న సంగతి అల్‌బీరూనీ రాసిన గ్రంథంలో కనిపిస్తుంది. ఖుర్ఆన్ ఒక వ్యక్తి పాపాన్ని చెప్పింది, ఒక జాతి వంశావళిని కాదు. జస్టిన్ సీమోను విషయంలో చేసిన పొరపాటుకూ దీనికీ తేడా లేదు.

దీనికి భిన్నమైన ఆదర్శం తొలి తరంలో ఉంది. సబ్బాతు పాటిస్తూ, తౌరాత్ చదువుతూ, పునరుత్థానాన్ని విశ్వసించని సామిరా అనే జనం జబహ్ చేసిన మాంసం సంగతేమిటని ఒక అధికారి హజ్రత్ ఉమర్ (రజి)కు రాశాడు. వారు గ్రంథప్రజలలో ఒక వర్గం, వారి జబీహా గ్రంథప్రజల జబీహాయే అని ఆయన జవాబిచ్చినట్లు ముసన్నఫ్ అబ్దుర్రజ్జాఖ్‌లో ఉల్లేఖనం ఉంది. ఆయన వారి శత్రువుల కథలను ఆధారం చేసుకోలేదు. వారు ఏది చదువుతారు, ఏది ఆచరిస్తారు అన్నదే చూశాడు. విశ్వాసంలో లోపం వినికూడా గ్రంథాన్ని వారి చేతిలోంచి లాగివేయలేదు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) పాలస్తీనా సామిరాలతో ఒడంబడిక చేసుకొన్నాడనీ, వారు ముస్లింలకు దారి చూపినందుకు భూమి పన్ను మినహాయించాడనీ బలాజురీ రాశాడు. షహ్రస్తానీ తన మతాల చరిత్రలో వారి శాఖలను, గెరిజీము ఖిబ్లాను వేరుగా వివరించాడు.

ఈ ఆదర్శం అన్నివేళలా నిలవలేదని కూడా ఒప్పుకోవాలి. 1841-42 ప్రాంతంలో నాబ్లుస్‌లో కొందరు, సమరయులు గ్రంథప్రజలు కారని వాదించి వారిని మతం మారమని ఒత్తిడి చేశారు. అప్పుడు సమరయులు తౌరాత్‌ను విశ్వసించే ఇశ్రాయేలు శాఖేనని యెరూషలేములోని యూద ప్రధాన రబ్బీ రాసి ఇచ్చిన పత్రం వారిని కాపాడింది. హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు తెలిసిన ఊరిలో, వెయ్యేళ్ల వైరం ఉన్న దాయాది వచ్చి ఆ తీర్పునే మళ్లీ చెప్పవలసి వచ్చింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో 150 మందికి లోపుగా కుంచించుకుపోయిన ఆ సమాజం ఈనాడు 800 దాటింది.

బాటసారి కథను ముస్లిం పాఠకుడు తోసిపుచ్చనక్కరలేదు. కథను చెప్పేవారు వదిలివేసిన ఒక్క విషయాన్ని అతడు జోడించుకోవాలి. ఆ దారిన ఆగినవాడు తౌరాత్ చదివినవాడు. పొరుగువానిని తనవలె ప్రేమించాలన్న ఆజ్ఞను అతడు ఆ గ్రంథంలోనే నేర్చుకొన్నాడు.